మక్క చేను కావలికి వాకీటాకీ జత: ఏది కొనాలి, మంచె మీద ఎలా వాడాలి

మక్క పాలకంకి మీదికి వచ్చిందంటే నర్సంపేట, గూడూరు, కొత్తగూడ, తాడ్వాయి వైపు అడవి అంచు ఊళ్లలో చీకటి పడగానే మంచెలెక్కాల్సిందే. అడవి పందుల గుంపు ఒక్క రాత్రి పడితే తినేదానికంటే తొక్కి విరిచేదే ఎక్కువ. ఒక మంచె మీద డబ్బా కొడితే అవి అడవిలోకే పోతాయన్న నమ్మకం లేదు. చాలాసార్లు పక్క చేన్లోకి మళ్లుతాయి. ఆ చేను కావలి మనిషికి ఆ సంగతి ముందే తెలియాలి. ఫోనుతో ఈ పని సాగదు. గుట్ట మలుపు తిరిగితే సిగ్నల్ ఉండదు. ఉన్నా నంబరు కొట్టి, రింగయి, అవతలి మనిషి ఎత్తేసరికి గుంపు చేను దాటేస్తుంది, పైగా మాట ఒక్కరికే చేరుతుంది. వాకీటాకీలో బటన్ నొక్కి ఒక్క మాట అంటే నాలుగు మంచెల మీదా ఒకేసారి వినిపిస్తుంది.

ఇక్కడ చూస్తున్నది లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ జతలను. బలం అర వాటు, పదహారు చానళ్లు, విప్పరాని పొట్టి యాంటెన్నా. మా తీర్పు ముందే చెబుతున్నాం: కావలి పనికి ఈ అర వాటు సెట్టు చాలు. ఎక్కువ వాట్ల కోసం డబ్బు పెట్టే బదులు మంచెను రెండు మూరలు ఎత్తు కట్టుకుంటే లాభం ఎక్కువ. ఎందుకో కింద లెక్కతో సహా ఉంది.

ఒక మాట స్పష్టంగా ఉండాలి. ఇది పందులను తోలుకునే కావలి కోసం, వేట కోసం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పందిని వేటాడటం కూడా నేరమే. పంట నష్టం మితిమీరిన చోట కాల్చాలన్నా అధికారిక అనుమతి ఉండాలి, అనుమతి పొందిన వాళ్లే చేయాలి. కరెంటు తీగ పెట్టడం మరీ ఘోరం. ఆ తీగకు పందికంటే ముందు పక్కింటి బర్రె తగలొచ్చు, రాత్రి నీళ్లు పెట్టడానికి వచ్చిన మనిషి తగలొచ్చు.

బజార్లో, ఆన్‌లైన్లో మూడు రకాల సెట్లు కలగాపులగంగా అమ్ముతున్నారు. వీటిని వేరుపరచడం తెలియకపోతే మిగతాదంతా వృథా.

మొదటిది పైన చెప్పిన 446 రకం. మన దేశంలో 2018 నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ బలం వాకీటాకీలకు లైసెన్సు మినహాయింపు ఉంది. అయితే ఆ మోడల్‌కు ఈటీఏ, అంటే ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ అనే ప్రభుత్వ ఆమోదం ఉండాలి. లైసెన్సు లేదు కదా అని ఈటీఏ కూడా అక్కర్లేదనుకోవడం పొరపాటు.

రెండోది బావోఫెంగ్ 888ఎస్ తరహా నల్ల సెట్టు. పెళ్లి ఫంక్షన్ హాళ్లలో, కట్టడాల దగ్గర కనిపించేది ఇదే. ఇది 400 నుంచి 470 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా ప్రోగ్రాం అవుతుంది. చవక, బ్యాటరీ 1500 ఎంఏహెచ్, గొంతు పెద్దది, టార్చి ఉంది. వస్తువుగా చూస్తే చెడ్డది కాదు. కానీ ఫ్యాక్టరీ నుంచి 462 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల చానళ్లతో వస్తుంది, అవి మన దగ్గర లైసెన్సు లేకుండా వాడకూడనివి. కేబుల్ పెట్టి 446కు మార్చినా అది మినహాయింపు కిందికి రాదు, ఎందుకంటే ఆ సెట్టు బలం, తయారీ ఆ తరగతివి కావు. ఇలాంటి సెట్లు ఫ్రీక్వెన్సీ చెప్పకుండా, లైసెన్సు మాట ఎత్తకుండా ఆన్‌లైన్లో అమ్ముడవుతున్నాయని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025లో ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం అమ్మేవాళ్లు ఫ్రీక్వెన్సీ, ఈటీఏ వివరాలు చూపించాలి. పేజీలో ఆ రెండూ లేని సెట్టును కొనకండి.

మూడోది అమెరికా నుంచి కొడుకో అల్లుడో తెచ్చిన జత. పెట్టె మీద వేటగాళ్ల బొమ్మ, 22 చానళ్లు, 35 మైళ్లు అని ఉంటుంది. అక్కడ జింకల వేటకు పోయే బృందాలు ఒకరి ఎదురుగా ఒకరు పడకుండా, ఎవరు ఎక్కడున్నారో చెప్పుకోవడానికి వీటిని వాడతారు. గురి చూపించడానికి రేడియో వాడటాన్ని కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి కూడా. ఆ సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్‌లో నడుస్తాయి. మన దగ్గర అవి చట్టబద్ధం కావు, మన 446 సెట్లతో మాట కలవదు. గుర్తుపట్టడం సులువు: 22 చానళ్లుంటే అమెరికాది, 8 లేదా 16 చానళ్లుండి 446 అని రాసి ఉంటే మనకు పనికొచ్చేది.

ఇక దూరం. పెట్టె మీద 8 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు అని ఉంటుంది. అది గుట్ట మీది నుంచి గుట్ట మీదికి, మధ్యలో ఏ అడ్డూ లేనప్పటి లెక్క. మన పొలాల్లో ఆశించదగింది వేరు. కోత అయిపోయిన వరి మళ్ల మీదుగా నిలబడి మాట్లాడితే కిలోమీటరున్నర, రెండు. చెరువు కట్ట మీది నుంచి ఎదుటి కట్ట మీదికి మూడు, నాలుగు. మనిషిని మించి ఎదిగిన మక్క చేను లోపల, సెట్టు నడుముకు ఉంటే నాలుగైదు వందల మీటర్లు. వాన వెలిసిన వెంటనే, ఆకులన్నీ తడిసి ఉన్నప్పుడు ఇంకా తక్కువ. ఈ ఫ్రీక్వెన్సీ అల పొడవు సుమారు 67 సెంటీమీటర్లు. నీళ్లున్న ఆకు దాన్ని బాగా మింగేస్తుంది. అందుకే వేసవిలో ఆకు రాలిన టేకు అడవి అంచున బాగా పలికిన సెట్టు వానాకాలంలో అదే చోట మూగబోతుంది. అది సెట్టు లోపం కాదు. యాసంగిలో కొని పరీక్షించి, దూరం చూసి తృప్తి పడి, వానాకాలం మక్కకు ఆ లెక్కతోనే మంచెలు వేసుకుంటే దెబ్బ తింటారు.

వాట్ల లెక్క ఇదీ. నేలకు దగ్గరగా మాట్లాడేటప్పుడు అందే బలం దూరం నాలుగో ఘాతంతో తగ్గుతుంది. అంటే అర వాటుకు బదులు అయిదు వాట్లు పెట్టినా, పది రెట్లు బలం పెరిగినా, దూరం పెరిగేది ఒకటిన్నర నుంచి రెండు రెట్ల లోపే. చెట్లు, పైరు అడ్డముంటే అంత కూడా రాదు. అదే, ఒక మనిషి సెట్టును నేల నుంచి మీటరున్నర ఎత్తులో కాక మూడు మీటర్ల ఎత్తులో పట్టుకుంటే, ఆ ఒక్క మార్పే నాలుగు రెట్లు వాట్లు పెంచినంత పని చేస్తుంది. నాలుగు మీటర్ల మంచె మీద యాంటెన్నా మక్క కొసలకు పైన ఉంటుంది, ఆకుల్లోంచి దూసుకుపోవాల్సిన అవసరమే తగ్గుతుంది. పైన కప్పు రేకుదైతే సెట్టును రేకుకు ఆనించి వేలాడదీయకండి. పక్కకు, తెరిచి ఉన్న వైపు పెట్టండి. గడ్డి కప్పు, తాటాకు కప్పు పొడిగా ఉన్నప్పుడు అడ్డు కాదు.

నలుగురు కావలి ఉంటే నడిమి మంచెను అందరికంటే ఎత్తులో కట్టి, గొంతు తేటగా ఉన్న మనిషిని అక్కడ కూర్చోబెట్టాలి. ఒర్రె దిగువన ఉన్నవాడి మాట అటు చివరివాడికి అందకపోయినా నడిమి మనిషి విని తిరిగి చెబుతాడు. ఇది మేము చూసిన అమరికల్లో అన్నిటికంటే నమ్మకమైనది. లక్నవరం వైపులా మధ్యలో గుట్ట నిలిచిన చోట మాత్రం ఏ వాకీటాకీ గుట్టలోంచి పోదు. గుట్ట వీపు మీద ఒక మనిషి ఉంటేనే అటూ ఇటూ మాట నడుస్తుంది.

సెట్టింగుల దగ్గర ఎక్కువ మంది తప్పు చేసేది కోడ్లలో. మెనూలో చానల్ పక్కన కనిపించే 1 నుంచి 38 దాకా అంకెలు సీటీసీఎస్ఎస్ అనే సన్నని స్వరాల గుర్తులు. మీ కోడ్ ఉన్నవాళ్ల మాటే మీ స్పీకర్‌లో పలుకుతుంది, అంతే. ఇది రహస్యం కాదు. కోడ్ పెట్టనివాడికి మీ మాటలన్నీ వినిపిస్తాయి. రెండో చిక్కు, రెండు కంపెనీల సెట్లు కలిపితే అంకె ఒకటైనా స్వరం వేరు కావచ్చు. ఒక కంపెనీ పట్టికలో 8 అంటే 88.5 హెర్ట్జ్. మధ్యలో 69.3 హెర్ట్జ్‌ను కలిపిన పట్టికలో అదే 88.5 తొమ్మిదో అంకె అవుతుంది. ఫలితం: చానల్ లైటు వెలుగుతుంది, మాట వినపడదు. అప్పుడు మాన్యువల్‌లో హెర్ట్జ్ పట్టిక చూసి కలపాలి, లేదా అందరూ కోడ్ సున్నా పెట్టుకోవాలి. కావలికి సున్నాయే మంచిదని మా అభిప్రాయం. అప్పుడప్పుడు పరాయి మాట దూరినా ఫరవాలేదు, మనవాడి మాట పోకూడదు. చానల్ మాత్రం ఒకటి వద్దు. పెట్టెలోంచి తీసిన ప్రతి సెట్టూ దాని మీదే ఉంటుంది కాబట్టి గోల ఎక్కువ. ఏడో, పదకొండో ఎంచుకుని, అది పోతే వెళ్లాల్సిన రెండో చానల్ కూడా ముందే అనుకోవాలి.

వాక్స్ అనే సౌకర్యం, అంటే బటన్ నొక్కకుండా గొంతుకే పలికేది, తప్పకుండా ఆపేయండి. మంచె మీద గాలికి, వాన చప్పుడుకు, డబ్బా మోతకు అది తనంతట తాను పలకడం మొదలుపెట్టి చానల్ మొత్తం మూసేస్తుంది. రోజర్ బీప్, అంటే బటన్ వదలగానే పలికే కూత, అది కూడా ఆపండి. కీ లాక్ వేయండి, లేకపోతే దుప్పట్లో చానల్ మారిపోతుంది. టైమవుట్, అంటే బటన్ నొక్కే ఉన్నా కొంతసేపటికి ప్రసారాన్ని ఆపేసే సౌకర్యం, ఉంటే 60 సెకన్లు పెట్టండి. పడుకున్న మనిషి నడుము కింద బటన్ ఒత్తుకుపోతే మిగతా ముగ్గురూ తెల్లారేదాకా చెవిటివాళ్లే అవుతారు. కావలి సెట్టుతో వచ్చే కష్టాల్లో ఇదే పెద్దది.

మాట్లాడే తీరు కూడా నేర్చుకోవాలి. బటన్ నొక్కగానే మాట్లాడితే మొదటి మాట తెగుతుంది. బ్యాటరీ ఆదా కోసం అవతలి సెట్టు కునుకు తీస్తూ మధ్యమధ్యలో లేచి చూస్తుంటుంది, అది మేల్కొనే వ్యవధి ఇవ్వాలి. నొక్కి, ఒక్క క్షణం ఆగి, మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టి, యాంటెన్నా నిటారుగా పట్టుకుని మామూలు గొంతుతో చెప్పాలి. అరిస్తే మాట పగులుతుంది. పిలిచేటప్పుడు ముందు అవతలి చోటు, తర్వాత మన చోటు. కుడి, ఎడమ అనే మాటలు ఎదురుగా ఉన్నవాడికి తిరగబడతాయి కాబట్టి దిక్కులు, గుర్తులే వాడాలి.

"నడిమి మంచె, నడిమి మంచె, బోరు కాడి నుంచి."
"చెప్పు కాకా."
"గుంపు ఒర్రె దాటింది. చింతచెట్టు దిక్కు వస్తున్నయ్. ఏడెనిమిది ఉంటయ్, పిల్లలున్నయ్."
"సమజైంది. చింతచెట్టు కాడ తమ్ముడున్నడు. తమ్మీ, నువ్వు దిగకు, మంచె మీదనే లైటు కొట్టు. పడమర తోవ ఇడిసిపెట్టున్రి."

ఈ నాలుగు మాటల్లో కావలసినవన్నీ ఉన్నాయి: ఎక్కడ, ఎటు, ఎన్ని, పిల్లలున్నాయా, మన మనిషి ఎక్కడున్నాడు, వదలాల్సిన తోవ ఏది. పిల్లల తల్లి పంది, దారి దొరకని మగ పంది మనిషి మీదికే వస్తాయి. నాలుగు వైపులా ఒకేసారి డబ్బాలు కొడితే గుంపుకు తోవ ఉండదు. అడవి వైపు ఒక పక్క మౌనంగా వదలడం రేడియో ఉంటేనే సాధ్యం. వచ్చింది ఎలుగుబంటి అయితే ఎవరూ కిందికి దిగొద్దన్న మాట కూడా అందరికీ అప్పుడే చేరుతుంది. అరగంటకొకసారి నడిమి మంచె వరసగా అందరినీ పిలవాలి. రెండు పిలుపులకు పలకకపోతే ఇద్దరు కలిసి లైటుతో వెళ్లి చూడాలి, ఒక్కరు వెళ్లకూడదు.

బ్యాటరీ గురించి పెట్టె మీద రాసిన గంటల లెక్కలో ఒక మెలిక ఉంది. గంటలో మూడు నిమిషాలు మాట, మూడు నిమిషాలు వినడం, మిగతా 54 నిమిషాలు మౌనం అన్న అంచనా మీద ఆ లెక్క కడతారు. నిద్ర రాకుండా కబుర్లు చెప్పుకుంటే సగం రాత్రికే అయిపోతుంది. ఈ రకం చాలా సెట్లలో పెన్సిల్ సైజు సెల్సు మూడు పడతాయి లేదా వాటి స్థానంలో రీఛార్జి ప్యాక్ ఉంటుంది. సెల్సు పట్టే మోడలే తీసుకోండి. ప్యాక్ అడుగంటినా తాడ్వాయి కిరాణా కొట్లో దొరికే సెల్సుతో రాత్రి గడుస్తుంది. మామూలు సెల్సు లోపలున్నప్పుడు ఛార్జింగ్ వైరు పెట్టకండి, అవి కారి సెట్టును తినేస్తాయి, పగలవచ్చు కూడా. రీఛార్జి సెల్లు ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి మీటరు ఒక గీత తక్కువ చూపిస్తుంది, భయపడక్కర్లేదు. బోరు స్టార్టర్ డబ్బా నుంచి వైరు లాగి ఛార్జింగ్ పెట్టొద్దు. పది వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి ఉంటే నాలుగు సెట్లకు సరిపోతుంది. పంట ఇంటికి చేరాక సెల్సు తీసి సెట్టును పొడి డబ్బాలో పెట్టాలి. తీయకుండా వదిలేస్తే మరుసటి వానాకాలానికి స్ప్రింగులు తెల్లగా ఉప్పు పట్టి ఉంటాయి.

వాన విషయానికొస్తే ఐపీఎక్స్4 అని ఉంటే చిందే నీళ్లకు తట్టుకుంటుంది, మడిలో పడితే తట్టుకోదు. ఐపీ67 అయితే మునిగినా బతుకుతుంది. ఏదైనా సరే, పక్కనున్న ఇయర్‌ఫోన్ రబ్బరు మూత తెరిచి ఉంటే ఆ అంకెకు అర్థం లేదు. పాలిథిన్ సంచి చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే సిగ్నల్‌కు నష్టం లేదు, గొంతు మాత్రం కాస్త మందగిస్తుంది. తడి చేత్తో పట్టుకుని స్పీకర్ రంధ్రాల్లో ఎర్రమట్టి కూరితే సూదితో పొడవకండి, లోపలి పొర చిరుగుతుంది. మెత్తటి బ్రష్షుతో దులపాలి.

ఇంకో సంగతి మన ప్రాంతానికి ప్రత్యేకం. ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో గోదావరి వైపు అడవి అంచున రాత్రిపూట సెట్టు చేతపట్టి కనిపించే మనిషిని పోలీసులో అటవీ సిబ్బందో ఆపి అడగడం సహజం. మావోయిస్టు ఉద్యమం నడిచిన నేల ఇది, దొంగవేట బెడద కూడా ఉంది. కొన్న బిల్లు, ఈటీఏ కాగితం నకలు, కావలి వాళ్ల పేర్లు, సర్వే నంబర్లు రాసిన కాగితం ఒకటి స్టేషన్లో, ఒకటి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు పంట ముందే ఇచ్చి పెట్టండి. సెట్టుతో ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల హద్దు లోపలికి రాత్రిపూట అడుగు పెట్టొద్దు. గుంపు హద్దు దాటిందంటే కావలి పని అక్కడితో అయిపోయినట్టే.

ఎన్ని కొనాలంటే, మంచెకొకటి, పైన ఒకటి అదనం. జతలుగా అమ్ముతారు కాబట్టి మూడు మంచెలకు రెండు జతలు సరిగ్గా కుదురుతాయి. అన్నీ ఒకే మోడల్ తీసుకుంటే కోడ్ల తంటా, ఛార్జర్ల తంటా ఉండదు.

వరంగల్‌లోనో హనుమకొండలోనో దుకాణంలో కొంటుంటే పెట్టె మీద 446 అంకె, ఈటీఏ నంబరు చూసి, బిల్లు మీద మోడల్ పేరు రాయించుకోండి. కౌంటర్ మీద రెండు సెట్లు పక్కపక్కన పెట్టి నొక్కితే కీచుమని అరుస్తుంది, అది ఒకదాని స్పీకర్ మోత రెండోదాని మైకులోకి పోవడం వల్ల. ఒకరు లోపలుండి, ఒకరు వీధి చివరిదాకా నడిచి ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టించండి. తర్వాత రెండు సెట్లూ మార్చుకుని అదే మళ్లీ చేయండి. ఒకటి బాగా వింటూ సరిగా పలకకపోవడం, లేదా పలుకుతూ వినకపోవడం అప్పుడే బయటపడుతుంది. తిరిగిచ్చే గడువు ముగిసేలోపు ఒక రాత్రి మంచె మీద, ఆకులు తడిసి ఉన్నప్పుడు, తెల్లారేదాకా ఆన్‌లో ఉంచి చూడండి.